అద్దం మీది బొట్టు.. చేతి మీది నరం

‘నరం దొరుకుతలేదు’. దవాఖాన మెట్లు ఎక్కిన ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు విన్న మాటే ఇది. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలతో వాడిపోయిన చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని మీరు కూర్చున్నారనుకోండి. సెలైన్ ఎక్కించాలి. సిస్టర్ ఒక చేతిని తట్టి చూస్తుంది, రుద్ది చూస్తుంది, ఇంకో చేయి పట్టుకుంటుంది. ఒక పోటు, ఆ తర్వాత మరో పోటు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే మీ కళ్లలోనూ నీళ్లు తిరుగుతాయి. మీరున్నది హుస్నాబాద్‌లో. ఇక్కడ కుదరదంటే కరీంనగర్‌కో, సిద్దిపేటకో, హన్మకొండకో పోవాలి. ఎటు పోయినా దాదాపు గంట ప్రయాణం. అలాంటి బిడ్డకు ఆ గంట చాలా పెద్దది.

ఈ వారం మనం మాట్లాడుకుంటున్న ఆగ్మెంటెడ్ రియాలిటీ, క్లుప్తంగా ఏఆర్, మనకు నిజంగా అక్కరకొచ్చేది సరిగ్గా ఇక్కడే. పేరు వినగానే ఇది పట్నం వాళ్ల ముచ్చట అనుకుని పేజీ తిప్పేయకండి.

ఏఆర్ అంటే ఏమిటో తెలియాలంటే మీ ఇంట్లో అద్దం ముందు నిలబడితే చాలు. అద్దం మూలన ఎవరో అంటించి మరిచిపోయిన స్టికర్ బొట్టు ఉంటుంది. మీరు కాస్త పక్కకు జరిగితే ఆ బొట్టు సరిగ్గా మీ నుదుటి మీద ఉన్నట్టు కనిపిస్తుంది. ముఖం మీదే, బొట్టు మాత్రం ముఖం మీద లేదు. ఉన్నదాని మీద లేనిదాన్ని కలిపి చూపించడమే ఏఆర్. తేడా ఒక్కటే. అద్దం మీది బొట్టు మీరు కదిలితే నుదురు దాటిపోతుంది. ఏఆర్‌లో కెమెరా, సెన్సర్లు మీ కదలికను క్షణక్షణం కొలుస్తుంటాయి కాబట్టి బొట్టు కూడా నుదుటి వెంటే కదులుతుంది. వర్చువల్ రియాలిటీ దీనికి భిన్నం. అది బయటి ప్రపంచాన్ని పూర్తిగా మూసేసి వేరే ప్రపంచాన్ని చూపిస్తుంది.

ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. అమెరికాకు చెందిన ఇవాన్ సదర్లాండ్ 1968లోనే ఇలాంటి పరికరాన్ని తయారు చేశారు. దాన్ని తలకు తగిలించుకోవాలంటే పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చేది. 1990ల మొదట్లో విమానాల్లో వైర్లు అమర్చే కార్మికులకు సాయపడే మార్గం వెతుకుతూ బోయింగ్ సంస్థలోని టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ దీనికి ఈ పేరు పెట్టారు. అంటే మొదటి నుంచీ ఇది చేతులతో పని చేసే మనిషికి సాయంగా పుట్టిందే. 2016లో వచ్చిన పోకెమాన్ గో పుణ్యమా అని చాలామందికి ఆటగానే తెలిసింది.

మళ్లీ బిడ్డ చేతి దగ్గరకు వద్దాం. మనం ‘నరం’ అనేది నిజానికి సిర, రక్తం గుండెకు తిరిగి వెళ్లే గొట్టం. రక్తంలోని హిమోగ్లోబిన్ ఒక రకం పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. చుట్టూ ఉన్న కండ దాన్ని చాలావరకు వెనక్కి పంపుతుంది. సిరను చూపే పరికరం ఈ కాంతిని చర్మం మీద వేస్తుంది. దాని కెమెరా తిరిగి వచ్చిన కాంతిని చూసి సిరలెక్కడున్నాయో గుర్తిస్తుంది. వెంటనే ఆ బొమ్మను అదే చేతి మీద వెలుగుగా వేస్తుంది. చర్మం మీదే సిరల దారి గీసినట్టు కనిపిస్తుంది. ఇది ఎక్స్‌రే కాదు, రేడియేషన్ భయం అక్కర్లేదు. చంటిపిల్లలకు, వృద్ధులకు, స్థూలకాయులకు, పదేపదే కీమోథెరపీ తీసుకుని సిరలు దెబ్బతిన్నవారికి ఇది ఉపయోగపడవచ్చు.

అయితే ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఈ పరికరం సుమారు ఒక సెంటీమీటరు లోతు వరకే చూడగలదు. మొదటి పోటులోనే సిర దొరకడంలో కొన్ని అధ్యయనాల్లో మేలు కనిపించింది, మరికొన్నిటిలో పెద్దగా తేడా రాలేదు. చేయి తిరిగిన సిస్టర్ వేలికొసకు తెలిసే విషయం అన్నిసార్లూ యంత్రానికి తెలియదు. సిర కష్టంగా దొరికేవారి విషయంలో, అనుభవం తక్కువ ఉన్న సిబ్బందికి ఇది ఆసరా.

ఏఆర్ వైద్యంలో ఇంకా చాలా దూరం వెళ్లింది. 2020 జూన్‌లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ఏఆర్ కళ్లజోడు పెట్టుకుని ఒక రోగి వెన్నుపూసల్లో ఆరు స్క్రూలు అమర్చారు. సీటీ స్కాన్ బొమ్మ రోగి వీపు మీదే కనిపిస్తుంటే, పక్కనున్న తెర వైపు తల తిప్పకుండా ఆపరేషన్ చేశారు. మన హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, కంటి నిర్మాణాన్ని గాలిలో తేలే త్రీడీ బొమ్మగా చూపే పాఠాన్ని హోలోలెన్స్ కళ్లజోడు కోసం రూపొందించింది.

కాలో చెయ్యో పోయినవారికి లేని అవయవంలో నొప్పి రావడం మీరు వినే ఉంటారు. షుగర్ పుండు ముదిరి కాలు తీసేసిన వారిలో, రోడ్డు ప్రమాద బాధితుల్లో ఈ బాధ ఉంటుంది. ఇంట్లో వాళ్లు నమ్మరు కూడా. 1990ల్లో భారత సంతతి నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ దీనికి ఒక మామూలు అద్దాన్నే మందుగా వాడారు. ఉన్న చేతి ప్రతిబింబాన్ని లేని చేతి చోట చూపించి మెదడుకు ఊరటనిచ్చారు. స్వీడన్ పరిశోధకులు అదే దారిలో ఏఆర్‌ను వాడి, తెర మీద లేని చేతిని రోగి తన కండరాలతోనే కదిలించేలా చేశారు. ఏ చికిత్సకూ లొంగని నొప్పి ఉన్న 14 మందిలో బాధ గణనీయంగా తగ్గిందని 2016లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. చిన్న అధ్యయనం, పోల్చి చూడడానికి మరో బృందం లేదు. అయినా ఆశ కలిగించే ఫలితం.

ఇక జాగ్రత్తలు. శరీరం లోపలి మెత్తని అవయవాలు ఊపిరితో పాటు కదులుతాయి. ముందెప్పుడో తీసిన స్కాన్ బొమ్మ కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరిగినా కోత తప్పవచ్చు. బొమ్మ మీదే చూపు పెట్టిన సర్జన్లు పక్కనే ఉన్న అనుకోని విషయాన్ని గమనించకపోయే అవకాశం ఎక్కువని 2013లో వచ్చిన ఒక అధ్యయనం హెచ్చరించింది. ఏఆర్ కళ్లజోడు ఎక్కువసేపు వాడితే కొందరికి తలనొప్పి, కళ్ల అలసట వస్తాయి. ఫోన్‌లో మీ ముఖానికి కళ్లద్దాల ఫ్రేము పెట్టి చూపే యాప్ మీ కంటి పరీక్ష చేయదన్న సంగతీ మరవొద్దు.

కాబట్టి రేపెవరైనా ‘మా దగ్గర ఏఆర్ ఆపరేషన్’ అని ప్రకటన ఇస్తే మూడు ప్రశ్నలు అడగండి. నా జబ్బుకు దీనివల్ల మామూలు పద్ధతి కన్నా ఏం మేలు? మీరు ఇలాంటివి ఎన్ని చేశారు? అదనపు ఖర్చు ఎంత? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.

మా మాట ఒక్కటే. ఈ చూపు మొదట చేరాల్సింది నిపుణులు నిండుగా ఉన్న పెద్దాసుపత్రికి కాదు, ఒకే సిస్టర్ రాత్రంతా వార్డు చూసుకునే చిన్న దవాఖానకు. వెన్ను ఆపరేషన్ కళ్లజోడుతో పోలిస్తే సిరను చూపే పరికరం చేతిలో ఇమిడేది, ఖర్చూ ఎంతో తక్కువ. పల్లెకు ఇలాంటివి రావంటారా? ఎల్.వి.ప్రసాద్ సంస్థ 1996లోనే నాటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో కంటి ఆసుపత్రి తెరిచింది. పట్నం వైద్యాన్ని పల్లెకు తేవచ్చని మన ఉత్తర తెలంగాణలోనే రుజువైంది. మీ ఊరి దవాఖాన అవసరాల గురించి ప్రజాప్రతినిధులతో మాట్లాడేటప్పుడు భవనాలు, మంచాలతో పాటు దీన్నీ అడగండి. దాన్ని వాడడం నేర్పే శిక్షణనూ అడగండి.

అది వచ్చేదాకా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ సిరలు ముడుచుకుపోతాయి, దొరకడం కష్టమవుతుంది. విరేచనాలు మొదలైన వెంటనే ఓఆర్ఎస్ ఇవ్వండి. ప్యాకెట్ మీద రాసినంత నీటిలోనే కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా తాగించండి. తల్లిపాలు ఆపొద్దు. జింక్ డాక్టరు చెప్పినన్ని రోజులు వేయండి. కళ్లు లోపలికి పోయినా, మూత్రం తగ్గినా, బిడ్డ మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా తెల్లారేదాకా ఆగకుండా దవాఖానకు తీసుకెళ్లండి. ఎంత త్వరగా వెళితే సిస్టర్‌కు నరం అంత తేలిగ్గా దొరుకుతుంది.