గుండె చెప్పే మాట

భయంకరమైన దృశ్యం చూసినవారు "గుండె ఆగినంత పనైంది" అంటారు. "ఒళ్ళు జలదరించింది", "ముచ్చెమటలు పోశాయి", "కడుపులో దేవినట్లయింది" అనే మాటలు కూడా తెలుగువారి ఇళ్ళలో తరచుగా వినిపిస్తాయి. ఇవి వట్టి అతిశయోక్తులు కావు. మనసు కలత చెందినప్పుడు శరీరంలో కలిగే మార్పులను గమనించినవారి నోట పుట్టిన నుడికారాలు.

భరతముని నాట్యశాస్త్రంలో స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అని ఎనిమిది సాత్త్విక భావాలు ఉన్నాయి. కొయ్యబారడం, చెమట పట్టడం, వణకడం, ముఖం పాలిపోవడం మొదలైనవన్నీ వీటిలో చేరుతాయి. మనసు కదిలితే శరీరం ఊరుకోదని ప్రాచీనులు గుర్తించారు.

ఆధునిక శాస్త్రజ్ఞులు ఈ మార్పులను పరికరాలతో కొలిచారు. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పీటర్ లాంగ్, ఆయన సహచరులు రకరకాల చిత్రాలను చూపి, చూసేవారి గుండె వేగాన్ని, అరచేతి చెమటను, కనుబొమల ముడిని పరిశీలించారు. గాయాలవంటి దృశ్యాలు కనిపించగానే గుండె పరుగెత్తుతుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా జరిగేది వేరు. మొదటి కొన్ని క్షణాలు గుండె వేగం కొంచెం తగ్గుతుంది. అపాయాన్ని పసిగట్టిన లేడి కదలకుండా నిలిచి చెవులు రిక్కించినట్లే, మనిషి శరీరమూ ఒక్క క్షణం నిలిచి చూస్తుంది. అదే సమయంలో అరచేతులు చెమరుస్తాయి, కనుబొమలు ముడిపడతాయి. ఎదుట ఉన్నది చిత్రమేనని బుద్ధికి తెలిసినా శరీరం స్పందించక మానదు. కాబట్టి అటువంటి చిత్రం చూసి చలించిపోవడం పిరికితనం కాదు. చలించినవారిని ఎగతాళి చేయడం తగదు.

అయితే ఒకే రకం దృశ్యాన్ని పదేపదే చూస్తే ఈ స్పందన తగ్గిపోతుంది. దీనినే పెద్దలు "గుండె బండబారడం" అన్నారు.

మరి బాధ కలిగించే చిత్రాలన్నింటినీ దాచివేయాలా? అదీ సరికాదు. 1943లో బెంగాల్‌లో ఘోరమైన కరవు వచ్చింది. కలకత్తా వీధులలో జనం ఆకలితో ప్రాణాలు విడిచారు. ఆ ఏడాది ఆగస్టు 22న స్టేట్స్‌మన్ పత్రిక ఆ దృశ్యాల ఛాయాచిత్రాలను ప్రచురించింది. ఎక్కడో దూరాన ఉన్నవారికి కూడా ఆ దుస్థితి కళ్ళకు కట్టింది. ఆ చిత్రాలు చూపరులను బాధించిన మాట నిజమే. కాని అవి ఆకలిగొన్నవారి పక్షాన నిలిచాయి.

నేడు కొన్నిచోట్ల జరుగుతున్నది ఇందుకు విరుద్ధం. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చవలసిన చేతులు ఫోను ఎత్తి చిత్రం తీస్తున్నాయి. ఆ చిత్రం ఒకరి నుండి ఒకరికి చేరి, చివరకు చిన్నపిల్లల కంటా పడుతుంది. గాయపడిన వ్యక్తికి ఒక తల్లి ఉంటుందని, ఆమె కూడా దానిని చూడవచ్చునని పంపేవారికి తట్టదు. ఇటువంటి చిత్రం ఎవరికీ మేలు చేయదు. చూసేవారి గుండెను బండబార్చడం తప్ప దానివల్ల కలిగే ఫలం లేదు.

ఈ రెండింటికీ గల తేడాను తెలుసుకోవడం కష్టం కాదు. చిత్రంలోని వ్యక్తికి దానివల్ల సహాయం అందుతుందా, అతని గౌరవం నిలుస్తుందా అని ప్రశ్నించుకుంటే చాలు. లేదని తోస్తే ఆ చిత్రాన్ని అక్కడితో ఆపివేయాలి. ఘోరాన్ని చూసి గుండె ఒక్క క్షణం నెమ్మదిస్తుంది. ఆ క్షణంలో చేయి కూడా ఆగి ఆలోచిస్తే, అదే మనిషితనం.