రంగులరాట్నము పసివారి సొత్తా?

అమెరికాలోని బిడ్డలను చూడబోయిన మన పెద్దలు మనుమలను రంగులరాట్నమెక్కించి, తాము బల్లమీద సంచులకు కాపలా కూర్చుందురు. (కొందరు 'రంగులరత్నం' అని వ్రాయుచున్నారు. అది రాట్నము, నాయనలారా!) "పిల్లల ఆట, మనకేల?" అను ఆ మాటతోనే నాకు పేచీ.

మసాచుసెట్స్ రాష్ట్రమున ఓక్ బ్లఫ్స్‌లోని ఫ్లయింగ్ హార్సెస్ రాట్నము 1876 నాటిది. తిరుగుచునే చేయి చాచి ఉంగరములు లాగికొనవలె. ఇత్తడి ఉంగరము చిక్కినవారికి మరొక చుట్టు ఉచితము. తాతయు మనుమడును ఒకే చుట్టులో పోటీపడు ఆట ఇంకొకటి చూపుడు! కొలరాడోలోని బర్లింగ్టన్‌లో 1905 నాటి రాట్నమున్నది. దానిపై గుఱ్ఱములే కాదు, ఒంటెలు, జిరాఫీలు మొదలుగా 46 జంతువులు!

ఇక ఇట్టి రాట్నములను ఊడదీయించి, వేలములో ఒక్కొక్క గుఱ్ఱమును కొని సావిట్లో నిలుపుకొను రసికులు కొందరు. అది కళాపోషణమట! ఎవరును ఎక్కని గుఱ్ఱము కొయ్యబొమ్మ గాక మరేమి? ఒహాయోలోని ఐడోరా పార్కు 1984లో మూతపడగా, అందలి 48 గుఱ్ఱముల రాట్నమును ఒక దంపతులు విడదీయనీయక మొత్తముగా కొనిరి. కనుకనే అది 2011లో బ్రూక్లిన్ నదీతీరమున మరల జనులను ఎక్కించుకొన్నది.

మోకాళ్లనొప్పుల సాకు నాకు చెప్పవలదు. ఈ రాట్నములలో కూర్చుండుటకు రథములును కలవు.