యాదృచ్ఛిక శత్రువులు: సరదానా, విసుగా?

హేతువాద సంఘం సభ్యుడికి వీడియో గేములతో ఏం పని అని కొందరు మిత్రులు అడుగుతుంటారు. జాతకాలు, వాస్తు, బాబాల మహిమలు, ఇన్ని ఉండగా పిల్లల ఆటల మీద వ్యాసమా అని వాళ్ళ ఆశ్చర్యం. నా జవాబు ఇది. యాదృచ్ఛికంగా జరిగేవాటిలో కూడా మనసు ఏదో ఒక కారణం వెతుక్కుంటుంది. జాతకాల వ్యాపారం సాగేది ఆ బలహీనత మీదే. అదే యాదృచ్ఛికతని గంటలో పదులసార్లు మన పిల్లల ముందుకు తెచ్చే వస్తువు ఒకటుంటే దాని గురించి మనం మాట్లాడకపోతే ఎలా?

ఆ వస్తువు పేరు ర్యాండమ్ ఎన్‌కౌంటర్. మన తెలుగు నేల మీద ఎన్‌కౌంటర్ అనే మాటకి వేరే చరిత్ర ఉంది కాబట్టి ముందే అర్థం చెప్పుకుందాం. రోల్ ప్లేయింగ్ ఆటల్లో మీ పాత్ర అడవిలోనో గుహలోనో నడుస్తూ ఉంటుంది. ఎదురుగా ఎవరూ కనపడరు. హఠాత్తుగా తెర మెరిసి యుద్ధం మొదలవుతుంది. ఏ అడుగులో వస్తుందో, ఎవరితో వస్తుందో మీకు తెలియదు. ఇది సరదా అని కొందరు, ఆటను చెడగొట్టే పీడ అని కొందరు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. నా ఉద్దేశంలో ఇద్దరూ మాట్లాడుతున్నది వేరువేరు వస్తువుల గురించి. అది తేలాలంటే ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో చూడాలి.

1974లో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను అచ్చు వేశారు. అది కాగితం, పాచికలతో ఆడే ఆట. భూగర్భంలోని గదుల్లో ఆటగాళ్ళు తిరుగుతుంటే, ఆట నడిపించే మనిషి ప్రతి టర్న్‌కీ ఒక పాచిక వేస్తాడు. ఆరు పడితే ఎక్కడినుంచో ఒక రాక్షసజీవి వచ్చి పడుతుంది. ఆ ఆటలో ఎదుగుదల ఎక్కువగా నిధులు తెచ్చుకోవడం వల్ల వచ్చేది, చంపడం వల్ల వచ్చేది తక్కువ. దారిలో తగిలే ఈ జీవుల దగ్గర నిధి పెద్దగా ఉండదు. అంటే వాటితో పోరాడితే నష్టమే తప్ప లాభం లేదు. మరెందుకు పెట్టారు? గదిలో ప్రతి ఇటుకనీ తడుముతూ కూర్చునే వాళ్ళకి కాలం విలువ తెలియాలని. తాత్సారం చేస్తే మూల్యం చెల్లించాలి, అంతే.

తర్వాత ఇది కంప్యూటర్లలోకి వచ్చింది. 1981లో విజార్డ్రీ, 1986లో జపాన్‌లో డ్రాగన్ క్వెస్ట్, 1987లో ఫైనల్ ఫాంటసీ. డ్రాగన్ క్వెస్ట్ మొత్తం 64 కిలోబైట్లలో ఇమిడిన ఆట. అది నడిచిన ఫామికామ్ యంత్రం సొంత మెమరీ 2 కిలోబైట్లే. అంత చిన్న యంత్రంలో పదుల శత్రువుల్ని మైదానమంతా తిప్పడం కంటే, ఒక సంఖ్య తీసి, అది పడితే యుద్ధం తెర చూపించడం తేలిక. ఇలా సాంకేతిక అవసరం కూడా తోడయింది. అయితే ఇక్కడ ఒక పెద్ద మార్పు జరిగింది. ఈ ఆటల్లో ఎదుగుదల అంతా యుద్ధాల వల్లే వస్తుంది. కాగితం ఆటలో జరిమానాగా ఉన్నది ఇక్కడ కూలి అయింది. ఎన్ని పోరాటాలు చేస్తే అంత బలం. కావాలని ఒకేచోట అటూ ఇటూ నడుస్తూ శత్రువుల కోసం ఎదురుచూడటం పిల్లలకి అలవాటయింది.

విసుగు మొదలైంది ఇక్కడే అని నా అభిప్రాయం. జరిమానా అయినప్పుడు దానికి భయం ఉంటుంది. కూలి అయినప్పుడు కనీసం గిట్టుబాటు ఉంటుంది. రెండూ కానప్పుడు ఏముంటుంది? మీ పాత్ర ఎంతో బలపడ్డాక పాత గుహలోకి వెళ్ళాలి. దారి వెతుక్కుంటున్నారు. మూడడుగులకో గబ్బిలం. ఒకే బొత్తాన్ని నొక్కితే చస్తుంది. దానివల్ల వచ్చేదీ లేదు, పోయేదీ లేదు, ఆలోచించాల్సిందీ లేదు. యుద్ధం అయ్యేసరికి ఏ మలుపు తిరగాలనుకున్నారో మరిచిపోతారు. పోకెమాన్ ఆడిన వాళ్ళకి గుహల్లోని జూబాట్ అనే గబ్బిలం పేరు చెబితే చాలు, మొహాలు మాడ్చుకుంటారు. ప్లేస్టేషన్ రోజుల్లో దీనికి తోడు డిస్క్ తిరిగే సమయం ఒకటి. 2000లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 9లో యుద్ధం మొదలయ్యేలోపు టీ గ్లాసు అందుకోవచ్చు.

మరి సరదా ఎక్కడుంది? పాత డ్రాగన్ క్వెస్ట్‌లో గుహ లోపలికి వెళ్ళారనుకోండి. చేతిలో మందు మూలికలు మూడే ఉన్నాయి. చనిపోతే సగం బంగారం పోయి రాజుగారి ముందు తేలతారు. ఇప్పుడు ఇంకో గది చూసి వద్దామా, ఇక్కడినుంచే ఊరికి తిరిగిపోదామా? వెనక్కి నడిచేటప్పుడూ ప్రతి అడుగూ ప్రమాదమే. కనపడే శత్రువైతే పక్కనుంచి తప్పుకుని పోతాం. కనపడని శత్రువు విషయంలో అంచనా వేయాలి, కొంత మిగుల్చుకుని ఖర్చు పెట్టాలి. వర్షాధార సేద్యం చేసే మన రైతుకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ సందర్భంలో యాదృచ్ఛికత లేకపోతే ఆటే లేదు.

దీనికి మన ఇళ్ళలోనే మంచి ఉదాహరణలున్నాయి. అష్టాచెమ్మాలో గవ్వలు పడ్డాక ఏ పావుని కదపాలో మీరే నిర్ణయించుకోవాలి. ఎదుటివాడి పావుని కొట్టాలా, మీది కాపాడుకోవాలా అన్నది మీ తెలివి. వైకుంఠపాళిలో ఆ అవకాశమే లేదు. గవ్వలు ఎంత చెబితే అంత. పుణ్యం చేస్తే నిచ్చెన, పాపం చేస్తే పాము అని ఆ పటం మీద బోధలు రాసి ఉంటాయి గాని, ఆడే పిల్లవాడు పుణ్యమూ చేయడు, పాపమూ చేయడు. గవ్వలు వేస్తాడు, అంతే. పై గళ్ళదాకా వెళ్ళి పెద్ద పాము నోట్లో పడ్డవాడు చేసిన పాపమేమిటో ఎవరూ చెప్పలేరు. కర్మ సిద్ధాంతం మీద ఇంతకంటే మంచి విమర్శ నేను చదవలేదు! యాదృచ్ఛికత తర్వాత మనిషికి ఒక నిర్ణయం మిగిలితే అది అష్టాచెమ్మా. మిగలకపోతే వైకుంఠపాళి. ర్యాండమ్ ఎన్‌కౌంటర్లనీ ఇదే గీటురాయి మీద చూడాలంటాను.

ఇక లెక్కల విషయం. ప్రతి అడుగుకీ యుద్ధం వచ్చే అవకాశం పదహారింట ఒకటి అనుకుందాం. సగటున పదహారు అడుగులకి ఒకటి. కాని ఒక యుద్ధం అయిన వెంటనే మూడడుగుల్లోపే ఇంకొకటి వచ్చే అవకాశం నూటికి 17 పైనే. ఇప్పుడే కదా అయింది, మళ్ళీనా అని మనం విసుక్కుంటాం. అడుగుకి జ్ఞాపకం ఉండదు. జ్ఞాపకం మనకే ఉంటుంది.

ఇంకో లెక్క. 1996లో జపాన్‌లో మొదలైన పోకెమాన్ ఆటల తొలి తరంలో, రెడ్, బ్లూ ఆటల్లో, విరిడియన్ అడవిలో పికాచు తగిలే అవకాశం నూటికి ఐదు. అంటే ఇరవైసార్లకి ఒకటి అని పిల్లలు లెక్క వేస్తారు. ఇరవై ఎన్‌కౌంటర్లు అయినా ఒక్క పికాచు కూడా కనపడని అవకాశం నూటికి దాదాపు 36. అరవై అయినా కనపడని అవకాశం నూటికి 4.6. నలభైమంది పిల్లలున్న తరగతిలో ఇద్దరికి ఈ గతి పడుతుందన్నమాట. ఆ ఇద్దరూ ఏమనుకుంటారు? లెక్క ప్రకారం ఎవరో ఇద్దరికి ఇలా జరగాల్సిందే, ఈసారి మేమయ్యాం అని అనుకోరు. నా అదృష్టమే ఇంత అనుకుంటారు. పెద్దయ్యాక ఇదే మాటకి శని అని పేరు పెట్టి నవగ్రహాల చుట్టూ తిరిగేది మన వాళ్ళే.

మూఢనమ్మకం ఎలా పుడుతుందో చూడాలన్నా ఈ ఆటల్లో చూడొచ్చు. పోకెమాన్‌ని పట్టడానికి బంతి విసిరినప్పుడు అది కాసేపు ఊగుతుంది. ఆ సమయంలో బి బొత్తాన్ని నొక్కి పట్టుకుంటే తప్పకుండా దొరుకుతుందని దేశదేశాల పిల్లలు నమ్మారు. ఒకరికొకరు సంబంధం లేని పిల్లలు. నిజానికి బంతి ఊగడం మొదలయ్యేలోపే ఫలితం తేలిపోయి ఉంటుంది. 1948లో బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగం మీకు తెలిసే ఉంటుంది. పావురం ఏం చేసినా చేయకపోయినా నిర్ణీత సమయానికి గింజలు పడేట్టు ఏర్పాటు చేశాడు. ఒకటి గుండ్రంగా తిరగడం, ఒకటి తల మూలకి విసరడం మొదలుపెట్టాయి. 1971లో స్టాడన్, సిమెల్‌హాగ్ ఈ ప్రయోగాన్ని మళ్ళీ చేసి, అవి తిండికోసం ఎదురుచూసేటప్పుడు సహజంగా చేసే చేష్టలే ఎక్కువని వాదించారు. పావురాల సంగతి ఎలా ఉన్నా, బి బొత్తాం పిల్లల సంగతి మాత్రం కళ్ళముందే ఉంది.

మా మేనల్లుడు కూడా ఈ బొత్తాం భక్తుడే. "నొక్కకపోతే తప్పించుకుంటుంది మామయ్యా, నేను చూశాను" అన్నాడు. కాదని నేను వాదించలేదు. నోటుపుస్తకంలో రెండు గళ్ళు గీసి ఇచ్చాను. ఒకే రకం జీవి, ఒకే రకం బంతి, దాన్ని ముందు కొట్టి బలహీనపరచకూడదు, ఒకసారి నొక్కాలి, ఒకసారి నొక్కకూడదు. రెండు సాయంత్రాలు గీతలు గీశాడు. తేడా ఏమీ లేదని నేను అనబోతుంటే, "ఇంకా చెయ్యాలి మామయ్యా, ఇన్నే అయితే చాలవు" అన్నాడు. బడిలో పదో తరగతి లెక్కల్లో సంభావ్యత పాఠం ఉంటుంది. సంచిలో ఎర్ర బంతులు, నల్ల బంతులు. ఆ సంచి ఎవరిదో, ఆ బంతులు ఎందుకు తీయాలో ఎవరికీ తెలియదు. వాడికి ఆ రెండు గళ్ళ పుస్తకంలో అర్థమైనంత నాకు ఆ వయసులో అర్థం కాలేదు.

ఇప్పుడు కనపడే శత్రువులే మేలు అనేవారి వాదన చూద్దాం. ఇది బలమైన వాదనే. 1994లో జపాన్‌లో వచ్చిన మదర్ 2, 1995లో వచ్చిన క్రోనో ట్రిగర్ శత్రువుల్ని ఎదురుగానే చూపించాయి. మదర్ 2లో అయితే మీకంటే బాగా బలహీనమైనది తగిలితే యుద్ధం లేకుండానే గెలిచినట్టు చూపిస్తుంది. పోకెమాన్ కూడా 2018లో లెట్స్ గో ఆటల్లోనూ, 2022లో స్కార్లెట్, వయొలెట్‌లలోనూ జీవుల్ని బయటే తిప్పింది. విసుగు తగ్గిన మాట నిజం. కాని గడ్డిలో అడుగు పెట్టినప్పుడు ఏం వస్తుందో అన్న ఉత్కంఠ కూడా దానితోపాటే పోయింది. పాత పోకెమాన్‌లో గడ్డి కళ్ళకి కనపడుతుంది. వెళ్ళాలా వద్దా అన్నది మీ ఇష్టం. రిపెల్ మందు కొనుక్కుంటే నూరు అడుగులదాకా బలహీనమైనవి దగ్గరికి రావు. ప్రమాదం ఎక్కడుందో చెప్పి, ఎప్పుడొస్తుందో చెప్పకపోవడం న్యాయమైన పద్ధతి అని నా లెక్క. 2015 నాటి అండర్‌టేల్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒక ప్రాంతంలో కనపడినదాన్నల్లా చంపుతూ పోతే ఎన్‌కౌంటర్లు నిజంగానే అయిపోతాయి. ఆ ఖాళీ దారిలో నడుస్తుంటే విసుగు రాదు, సిగ్గు వస్తుంది.

ఇంకో మధ్యేమార్గం ఉంది, దాని విషయంలోనే నాకు అనుమానం. నిజమైన యాదృచ్ఛికత జనానికి నచ్చదని తయారీదారులు ఎప్పుడో గ్రహించారు. సివిలైజేషన్ ఆట రూపకర్త సిడ్ మెయర్ 2010లో ఒక ప్రసంగంలో ఈ సంగతే చెప్పాడు. మూడింట గెలుపు, ఒకటింట ఓటమి అని చూపించిన పోరులో ఓడిపోతే ఆటగాళ్ళు మోసం జరిగిందంటారు, అందుకే తెర వెనుక లెక్కలు సర్దాల్సి వచ్చిందని. ఫైనల్ ఫాంటసీ వరుసలోని కొన్ని ఆటల్లో అడుగు అడుగుకీ ప్రమాద సంఖ్య పెరుగుతూ పోతుంది. అక్కడ చాలాసేపటినుంచి రాలేదు కాబట్టి ఇప్పుడొస్తుంది అనుకోవడం సరైన ఆలోచనే. లాటరీ టికెట్టు దగ్గర అదే ఆలోచన కొంప ముంచుతుంది.

ఇది కేవలం సరదా చర్చ కాకపోవడానికి కారణం ఇదే. గడ్డిలో అడుగు పెట్టి ఏం వస్తుందో అని ఎదురుచూసే ఆ ఉత్కంఠకే ఇప్పుడు ధర కట్టి అమ్ముతున్నారు. లూట్ బాక్సులు, గాచా అని పేర్లు. 2020లో వచ్చిన గెన్‌షిన్ ఇంపాక్ట్‌లో తొంభైసార్లు తీస్తే పైస్థాయి బహుమతి ఒకటి ఖాయం అనే నిబంధన ఉంది. ఎనభైసార్లు తీసి ఆపడానికి ఎవరికి మనసొప్పుతుంది? జపాన్ ప్రభుత్వం 2012లోనే కొన్ని రకాల గాచాలని చట్టవిరుద్ధమంది. చైనా 2017లో అవకాశాల శాతం బయటపెట్టమంది. బెల్జియం 2018లో లూట్ బాక్సులని జూదంగా తేల్చింది. మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్రం 2025లో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల మీద నిషేధ చట్టాలు చేశాయి. చట్టాలు అవసరమే. కాని సంభావ్యత అర్థం కాని మనిషిని చట్టం ఎన్ని తలుపుల దగ్గర కాపలా కాస్తుంది?

అందుకే నా పక్షం ఏదని అడిగితే, నేను ర్యాండమ్ ఎన్‌కౌంటర్ల పక్షమే. అయితే నావి మూడు షరతులు. వచ్చిన దానిమీద ఆటగాడికి ఏదో ఒక నిర్ణయం మిగలాలి. వద్దనుకున్నవాడికి తప్పుకునే దారి ఉండాలి. ఎంత అవకాశముందో దాచకుండా చెప్పాలి. ఈ మూడూ ఉన్న ఆటని పిల్లల చేతికివ్వడానికి భయపడనక్కర్లేదు. పక్కన ఒక నోటుపుస్తకం, పెన్సిలు కూడా ఇవ్వండి.