చూపు ముందు, చిత్రము తరువాత

విహారయాత్రకు బయలుదేరిన విద్యార్థి బృందమును గమనించినవారికి ఒక విషయము స్పష్టముగా గోచరించును. అరకులోయలో రైలు దిగినది మొదలు మరల ఎక్కువరకు ప్రతి చేతిలోను సెల్‌ఫోను లేచియే యుండును. ఒక్కొక్కరు వందలకొలది చిత్రములు తీయుదురు. ఇల్లు చేరిన పిమ్మట వానిని మరల చూచువారు అరుదు. చూచినను, కన్నులు చూచిన కొండ అందులో కానరాదు. ఎదుట మహోన్నతముగా నిలిచిన శిఖరము చిత్రములో చీమలపుట్టవలె కుంచించుకొని పోవును. లోయలోని పొగమంచు తెల్లని మరకగా మిగులును. కెమెరా మంచిది కాదని సరిపెట్టుకొనుట పరిపాటి. కాని లోపము పెక్కుసారులు యంత్రమునందు కాదు, చూపునందే యున్నది.

ఈ కళ సౌకర్యముల నడుమ పెరిగినది కాదు. 1863లో భారతదేశమునకు వచ్చిన ఆంగ్లేయుడు శామ్యూల్ బోర్న్ హిమాలయములను చిత్రించిన నాడు గాజుపలకపై రసాయనము పూసి, ఆ తడి ఆరక మునుపే చిత్రము తీసి, అక్కడికక్కడే చీకటి గుడారములో దానిని కడుగవలసి యుండెను. కెమెరా, పలకలు, గుడారము, రసాయనములు అన్నియు కూలీల వీపులపైననే కొండలెక్కినవి. 1866లో పద్దెనిమిది వేల అడుగులకు మించిన మనిరంగ్ కనుమపై ఆయన చిత్రములు తీసెను. ఒక్కొక్క పలకకు అంత శ్రమ కావలసినపుడు, ఎచట నిలువవలెనో, ఏ వెలుగు కొరకు వేచియుండవలెనో ముందుగనే నిశ్చయించుకొనక తప్పదు. ఆ కొరతయే ఆనాటివారికి గురువైనది.

అమెరికా దేశపు ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ చరిత్ర ఇంకను బోధకరమైనది. 1927 ఏప్రిల్ 10వ తేదీన, తన ఇరువదియైదవ యేట, ఆయన యోసెమిటీ లోయలోని హాఫ్ డోమ్ అను మహాశిలను చిత్రించుటకై మంచులో కొండ యెక్కెను. శిల యెదుటికి చేరునప్పటికి చేతిలో మిగిలిన పలకలు రెండే. ఒకదానిని పసుపు ఫిల్టరుతో వాడెను. వెంటనే ఆయనకొక సందేహము కలిగినది. ఆకాశము ఉన్నది ఉన్నట్లు పడునే గాని, ఆ శిల తన మనస్సున కలిగించిన గంభీరత అందులో రాదు. అంతట చిక్కని ఎరుపు ఫిల్టరు తగిలించి కడపటి పలకను వినియోగించెను. ఆకాశము నల్లబడినది; శిల వెలిగి నిలిచినది. మీట నొక్కుటకు ముందే చిత్రము మనస్సులో పూర్తి కావలెనన్న సూత్రము నాడే తనకు బోధపడినదని ఆయన తరువాత చెప్పుచుండెను.

ఈ సూత్రము నేటి సెల్‌ఫోనునకును వర్తించును. కన్ను తనకు నచ్చిన కొండపైననే నిలిచి దానిని పెద్దదిగా భావించును. కటకమునకు అట్టి పక్షపాతము లేదు. సెల్‌ఫోనులోని సామాన్య కటకము విశాలమైన మేరను పట్టును గనుక దూరపు కొండ చిన్నదగును. దీనికి ఉపాయములు రెండు. కొండయే ముఖ్యమైనచో దూరమును దగ్గర చేయు కటకము వాడవలెను. లోయ విస్తీర్ణము ముఖ్యమైనచో చేరువలోని చెట్టునో, రాతినో, కాలిబాటనో చిత్రము దిగువ భాగమున నిలిపి, చూపు అచటినుండి దూరమునకు నడచునట్లు చేయవలెను. ఆకాశము రమ్యమైన నాడు దానికి ఎక్కువ చోటు, లేనినాడు నేలకు ఎక్కువ చోటు ఇచ్చుట మేలు.

వెలుగు విషయము అంతకన్న ముఖ్యము. నడినెత్తిన సూర్యుడున్నపుడు కొండ మడతలు చదునై కనిపించును. ఉదయమున, సాయంకాలమున ఏటవాలుగా పడు ఎండ ప్రతి మడతకును నీడ కల్పించి రూపమిచ్చును. ఆ వేళ కిరణములు వాతావరణములో ఎక్కువ దూరము పయనించుటచే నీలపు కాంతి చెదరిపోయి బంగారు వన్నె మిగులును. మరియొక జాగ్రత్త కలదు: వెలుగు మితిమీరి తెల్లగా కాలిపోయిన మేఘమును తరువాత ఏ ఉపాయముచేతను తిరిగి తేలేము, నీడలోని నేలను కొంతవరకు వెలిగింపవచ్చును. కావున మేఘమును కాపాడుటయే ముందు పని. అన్నిటికంటె ముందు కాపాడుకొనవలసినది ప్రాణము. చిత్రము కొరకు ప్రవాహపు అంచున, జారుడు బండపై నిలుచుట నేర్పు కాదు, అవివేకము.

లేని మేఘమును అతికించి, లేని చంద్రుని మొలిపించు సాధనములు నేడు ప్రతి చేతిలోను ఉన్నవి. ఆడమ్స్ మాత్రము ఆకాశమును నల్లబరుపలేదా యని కొందరు ప్రశ్నింపవచ్చును. ఆయన ఉన్న దృశ్యమునకు బలమిచ్చెనే గాని లేని కొండను తెచ్చి నిలుపలేదు. కల్పన చేసినవారు కల్పన యని చెప్పినచో దోషము లేదు. సాక్ష్యముగా చూపునపుడు మాత్రము కల్పన అసత్యమే యగును.

ప్రకృతి దృశ్య చిత్రము సాక్ష్యమును కావచ్చును. 1871లో విలియం హెన్రీ జాక్సన్ తీసిన యెల్లోస్టోన్ చిత్రములు అమెరికా శాసనసభ్యుల కన్నులు తెరపించుటకు తోడ్పడినవి. మరుసటి యేడే ఆ ప్రదేశము జాతీయవనమైనది. తెలుగునాట సైతము అట్టి సాక్ష్యము అవసరమై యున్నది. హైదరాబాదు చుట్టునున్న ప్రాచీన శిలలు పెక్కు పగిలి కంకరయైనవి. పాపికొండల నడుమ గోదావరి తీరపు గ్రామములు పెక్కు పోలవరము ముంపు ప్రాంతములో చేరినవి. చెరువులు పూడి ఇండ్ల స్థలములైన ఊళ్లు ఎన్నియో! ఆ చెరువు ఎట్లుండెనో చూపుటకు ఆ ఊరివద్ద ఒక్క చిత్రమైన ఉన్నదా?

ఇచట ఉపాధ్యాయుడు చేయగల పని యొకటి కలదు. పాఠశాలకు సమీపమున నున్న చెరువునో గుట్టనో ఎన్నుకొని, నెలకొకసారి, ఒకే చోట నిలిచి, ఒకే వేళకు, ఒకే ఒక్క చిత్రము విద్యార్థులచే తీయింపవలెను. తీయుటకు ముందు పావుగంట చేతులు కట్టుకొని చూడనిచ్చి, చూచినది నాలుగు వాక్యములలో వ్రాయింపవలెను. చిత్రము క్రింద తేదీ, స్థలము గుర్తింపవలెను. ఇందులో భూగోళమున్నది, భాష యున్నది, శాస్త్రమున్నది. పదియేండ్లు సాగినచో అది ఆ ఊరి చరిత్రయే యగును.

వంద చిత్రములు తీసిన విద్యార్థికి ఊరి గుట్ట గుర్తుండకపోవచ్చును. పావుగంట చూచి ఒక్కటి తీసినవాడు దానిని మరువడు. ఆ గుట్టను పగులగొట్టుటకు సుత్తె లేచిన నాడు ఊరకుండడు.