స్టే వచ్చిందని స్టేటస్

స్టే వచ్చిన గంటలోపే వాట్సాప్‌లో ఆర్డర్ కాపీ మొదటి పేజీ, పైన సింహం బొమ్మ, కింద ‘దేవుడు మన పక్షం’. సంఘ ఆస్తి తగాదాల్లో, కమిటీ ఎన్నికల తగాదాల్లో ఇది మనకు మామూలైపోయింది.

కోర్టుకు వెళ్లవద్దని మేము అనడం లేదు. సమాధుల స్థలం ఆక్రమిస్తే, దళిత క్రైస్తవుల మీద దాడి జరిగితే, కోర్టే దిక్కు. అలాంటి తీర్పు పదిమందికీ తెలియాలి, ఇంకో ఊరివాళ్లకు ధైర్యం వస్తుంది. కానీ విశ్వాసులు ఒకరిమీద ఒకరు వ్యాజ్యెమాడటమే ఓటమి అని పౌలు మొదటి కొరింథీ 6లో రాశాడు. గెలిచినవాళ్లకు అందులో మినహాయింపు లేదు.

పైగా స్టే అంటే తీర్పు కాదు. అది వచ్చే వాయిదాకే మారిపోవచ్చు. సివిల్ దావాలో డిక్రీ వచ్చాక కూడా అప్పీలుకు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు గడువుంటుంది. ఆర్డర్ ఇంగ్లీషులో ఉంటుంది. బెంగళూరులోనో బరంపురంలోనో ఉన్న మన పెద్దల్లో చాలామందికి స్టేటస్ కింద రాసిన ముక్కే తీర్పు. రెండో పేజీలో షరతులున్నాయని వాళ్లకెవరు చెబుతారు? కమిటీవాళ్లు చెప్పరు. యువతీయువకులారా, ఫార్వర్డ్ చేసేముందు ఆర్డరంతా చదవండి, మనకు వ్యతిరేకంగా ఉన్న పేరాతో సహా ఇంట్లో తెలుగులో చెప్పండి.

ఓడినవాళ్ల పిల్లలు సండేస్కూల్లో మన పిల్లల పక్కనే కూర్చుంటారు. ఆ సింహం బొమ్మ వాళ్లూ చూశారు.