గేరు ఆయిలు డ్రమ్ము చూసి కాదు, పుస్తకం చూసి పోయాలి

శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు నుంచి కూరగాయలు తోలే రైతు సోదరులకు గచ్చిబౌలి, మాదాపూర్ రోడ్ల సంగతి చెప్పనక్కర్లేదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఆ ప్రాంతమంతా ఐటీ ఆఫీసులతో నిండిపోయింది. ఆఫీసుల వేళకు అక్కడ చిక్కుకుంటే, లోడు బండిని ఫస్టు గేరు, సెకండు గేరు మారుస్తూ పాకించాల్సిందే. నడిరోడ్డు మీద గేరు ఇరుక్కుందా, పాలకూర, కొత్తిమీర మధ్యాహ్నానికి వాడిపోతాయి. బేరం పోతుంది, ఆపైన గేరుబాక్సు విప్పిన ఖర్చు.

అలాంటి గేరుబాక్సుకు మనం అడిగేదేమిటి? "నైంటీ ఆయిలు పొయ్యి" అంటాం. డ్రమ్ములోంచి కొలిచి పోస్తారు. ఈ అలవాటు మానాలి.

తొంభై అనేది చిక్కదనం లెక్క మాత్రమే. 80డబ్ల్యూ-90 అని ఉంటే మొదటి అంకె చలిలో పారే గుణాన్ని, రెండోది వేడెక్కాక ఉండే చిక్కదనాన్ని చెబుతుంది. నలభై నంబరు ఇంజను ఆయిలుకు ఇది రెండింతల చిక్కన అనుకోకండి, రెండింటి కొలతలు వేరు.

అసలు చూడాల్సింది జీఎల్-4, జీఎల్-5 అన్న గుర్తు. డిఫరెన్షియల్‌లో క్రౌను, పినియను పళ్లు గట్టిగా రాసుకుంటాయి. ఆ ఒత్తిడిని తట్టుకునే మందులు జీఎల్-5లో ఎక్కువ. అంకె పెద్దది కదా అని దాన్ని జీఎల్-4 అడిగే గేరుబాక్సులో పోయకండి. అందులో గేర్లను కలిపే ఇత్తడి రింగులుంటాయి. గంధకం, భాస్వరం కలిసిన ఆ మందుల్లో కొన్ని ఇత్తడిని తింటాయి. పైగా రింగుకు కొంత పట్టు కావాలి, మరీ జారుడైతే గేరు కరకరలాడుతుంది. అలాగని జీఎల్-5 అడిగే డిఫరెన్షియల్‌లో జీఎల్-4 పోస్తే క్రౌను అరుగుతుంది. పైరు యూరియా అడిగితే పొటాష్ వేస్తామా?

ట్రాక్టరుకు మరీ జాగ్రత్త. చాలా ట్రాక్టర్లలో గేర్లకు, హైడ్రాలిక్‌కు ఒకటే ఆయిలు. బ్రేకులు ఆయిలులో మునిగి ఉండే రకమైతే వాటికి చెప్పిన ఆయిలే పోయాలి. మామూలు తొంభై పోస్తే కీచుమంటాయి, సరిగా పట్టవు. దమ్ము చేశాక ఆయిలు చూడండి. మజ్జిగలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే, మార్చేయాలి.

గేరు ఆయిలు ఇంజను ఆయిలులా మండిపోదు. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. మార్చేటప్పుడు బండి కాస్త తిరిగాక దింపండి. అందులో మెత్తటి పొడి కొద్దిగా ఉంటే భయం లేదు, ఇనుప ముక్కలు వస్తే మెకానిక్కుకు చూపించండి.

బండి అమ్మే కంపెనీలు ఆయిలు రకాన్ని తెలుగులో రాసి బండికే అంటించాలి. రైతులంతా గట్టిగా అడగాల్సిన మాట ఇది. అందాకా, సెకండ్‌హ్యాండ్ బండికి పుస్తకం లేకపోతే ఆ కంపెనీ సర్వీసు సెంటరులో మోడల్ చెప్పి రాయించుకోండి. గేరుబాక్సుకు ఏది, డిఫరెన్షియల్‌కు ఏది అని విడివిడిగా అడగండి. షాపులో ఆ చీటీ చూపించి సీలు డబ్బా, బిల్లు తీసుకోండి. లూజు ఆయిలులో మిగిలే పదిరూపాయల కోసం పంట డబ్బును గేరుబాక్సులో పోయకండి.