బొట్టు పెట్టి పిలిచినట్టు కాదు

అక్కచెల్లెళ్లూ, ఈ వారం నా తప్పే చెప్పుకుంటాను. పోయిన కార్తీకంలో మా అమ్మాయి పెద్దమనిషి అయింది. పసుపు రాసి పీట మీద కూర్చోబెట్టిన ఫోటో, ఆ కబురుతో సహా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. చుట్టాలకు తెలియాలనే నా ఆశ. దాని క్లాసు మగపిల్లలు వాళ్ల అమ్మల ఫోన్లలో చూస్తారని తోచలేదు. మర్నాడు బడికి పోనంటే పోనంది. “అందరికీ ఎందుకు చెప్పినావు మా? నన్ను అడిగినావా?” అని ఏడ్చింది.

మా ఎమ్మిగనూరులో పేరంటమంటే ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి పిలిచేవాళ్లం. ఎవరికి చెప్పామో మనకు తెలిసేది. స్టేటస్ అలా కాదు. 24 గంటలకు అది పోయినా, ఎవరో తీసుకున్న స్క్రీన్‌షాట్ పోదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని పిల్లల వివరాలు వాడుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. అంటే తాళంచెవి మన చేతికే ఇచ్చారు. మనమే తలుపు బార్లా తీస్తే ఎలా?

స్నానం ఫోటోలు, జబ్బు సంగతులు, హాల్‌టికెట్లు, బడి పేరు కనబడే ఐడీ కార్డులు పెట్టకండి. పెట్టేది ఏదైనా, స్టేటస్ ప్రైవసీలో కావలసినవాళ్లనే ఎంచుకోండి. అన్నిటికన్నా ముందు బిడ్డను అడగండి.

మొన్న దాని పుట్టినరోజుకు నేనూ అడిగాను. ఫోను తీసుకుని చూసి, “ఇది వద్దు మా, అది పెట్టు” అంది. చాలా రోజులకు నా పక్కన కూర్చుంది.